కొండ గొరిల్లాలకు అడవిలోనే చికిత్స

రువాండా, ఉగాండా, కాంగో దేశాల సరిహద్దులు కలిసే విరుంగా అగ్నిపర్వతాల మీద, ఉగాండాలోని బ్విండి అడవిలో, దాన్ని ఆనుకుని కాంగో వైపున్న కొద్దిపాటి అడవిలో తప్ప కొండ గొరిల్లాలు మరెక్కడా లేవు. 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం అవి 1,063. ఈ గొరిల్లాలపై పరిశోధన చేసిన అమెరికన్ శాస్త్రవేత్త డయాన్ ఫోసీ హత్య జరిగిన మరుసటి ఏడాది, 1986లో, జేమ్స్ ఫోస్టర్ అనే అమెరికన్ పశువైద్యుడు రువాండాకు వచ్చేనాటికి విరుంగాలో మిగిలినవి 300 లోపే. ఆయన మొదలుపెట్టిన పనిని నేడు ‘గొరిల్లా డాక్టర్స్’ సంస్థ మూడు దేశాల్లోనూ కొనసాగిస్తోంది.

ఈ వైద్యులకు అన్నిటికంటే కష్టమైనది, చికిత్స చేయాలా వద్దా అన్న నిర్ణయం. జబ్బు మనుషుల వల్ల వచ్చినదైతేనో, ప్రాణం మీదికి వచ్చినదైతేనో తప్ప వారు జోక్యం చేసుకోరు. మగ గొరిల్లాలు పోట్లాడుకుని చేసుకున్న గాయాలను సాధారణంగా వాటంతట అవే మాననిస్తారు. ఉచ్చుల సంగతి వేరు. జింకజాతి జంతువుల కోసం వేటగాళ్లు పన్నిన తీగ ఉచ్చు పిల్ల గొరిల్లా చేతికి బిగుసుకుంటే, అది కండలోకి కోసుకుపోయి, కుళ్లు పట్టి, చేతినో ప్రాణాన్నో తీస్తుంది. అప్పుడు బాణంలా వెళ్లే సూదితో పిల్లకు, చాలాసార్లు తల్లికి కూడా మత్తు ఇచ్చి, గుంపు నాయకుడైన వెండివీపు మగ గొరిల్లా మీదికి రాకుండా, గొరిల్లాల జాడ పట్టే ట్రాకర్లు అడ్డు నిలబడితే, వైద్యులు తీగను కత్తిరించి, గాయం కడిగి, మత్తుకు విరుగుడు ఇచ్చి తప్పుకుంటారు. రోగిని ఆసుపత్రికి తరలిస్తే గుంపుకు దూరం చేసినట్టే కనుక వైద్యమంతా అక్కడికక్కడే, వీలైనంతవరకు ఒక్కసారిలోనే ముగియాలి. యాంటీబయాటిక్ ఒక్కటే చాలనుకుంటే మత్తు అవసరం లేదు, దూరం నుంచి సూది వేస్తే సరిపోతుంది.

ఉచ్చులకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి దగ్గు, జలుబు. జన్యుపరంగా మనకు అంత దగ్గరివి కావడంతో మన శ్వాసకోశ వ్యాధులు వాటికి సులభంగా అంటుతాయి. 2009లో రువాండాలోని హిర్వా గుంపులో 12 గొరిల్లాలకు గాను 11 జబ్బుపడగా, చనిపోయిన ఒక పెద్ద ఆడ గొరిల్లాలోనూ, ఒక పసికూనలోనూ మనుషుల్లో జలుబు తెప్పించే మెటాన్యుమోవైరస్ బయటపడింది. యాంటీబయాటిక్‌కు ఆ వైరస్‌ను చంపే శక్తి లేదు. దాని వెనకే వచ్చే బ్యాక్టీరియా న్యుమోనియాను మాత్రం అడ్డుకోగలదు.

ఈ శ్రమకు ఫలితం కనిపించింది. 1967 నుంచి 2008 వరకు విరుంగా వివరాలను పరిశీలించిన అధ్యయనం ప్రకారం, మనుషులకు అలవాటుపడి రోజూ పర్యవేక్షణలో ఉన్న గుంపులు ఏటా సుమారు 4 శాతం పెరగగా, మిగిలినవి తగ్గుతూ వచ్చాయి. ఈ తేడాలో 40 శాతం వరకు పశువైద్యం వల్లనే కావచ్చని పరిశోధకులు తేల్చారు.

అయితే అలా అలవాటు చేయడమే మన రోగాలకు దారి తెరుస్తుంది. సందర్శకులకు మాస్కు, కొన్ని మీటర్ల ఎడం తప్పనిసరి చేసింది అందుకే. 1996లో బ్విండిలో గజ్జి సోకి ఒక పిల్ల గొరిల్లా చనిపోయింది. మిగిలినవి ఐవర్‌మెక్టిన్ అనే మందుతో కోలుకున్నాయి. ఆ వ్యాధిని ఎదుర్కొన్న ఉగాండా పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా, అది చుట్టుపక్కల పేద గ్రామాల నుంచే వచ్చిందని గుర్తించి, 2003లో స్థాపించిన సంస్థ ద్వారా గొరిల్లాలతో పాటు ఆ గ్రామస్థుల ఆరోగ్యాన్ని కూడా చూడడం మొదలుపెట్టారు.