డీజిల్ పంపు విప్పకముందు చూడాల్సినవి: పాత మిలిటరీ లారీల మీద అపోహలు, వాస్తవాలు

సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా పనిచేసి వచ్చాను. ఇప్పుడు నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కన నా షెడ్డు. సైన్యం వాడి వదిలేశాక వేలంలో కొన్న శక్తిమాన్, స్టాలియన్ లారీలు, నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే టాటా ఫోర్ బై ఫోర్‌లు నా దగ్గరికి వస్తుంటాయి. ఇటు నల్గొండ, అటు పాలమూరు వైపు వీటిని బోరు బండ్లుగా, నీళ్ల ట్యాంకర్లుగా, క్వారీలో క్రేన్లుగా వాడుతున్నారు. గట్టి బండ్లు, నాకు ప్రాణం. తప్పుడు నమ్మకాలతో వీటిని పాడు చేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: "ఆర్మీ బండి తక్కువ తిరిగింది, కొత్తదాని లెక్క."

మీటర్లో కిలోమీటర్లు తక్కువే ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి యార్డులో నిలబడి ఉంటుంది. తిరిగిన బండి అరుగుతుంది, నిలబడిన బండి కుళ్లుతుంది. నా అనుభవంలో రెండోదే ఎక్కువ ఖర్చు. ట్యాంకీలో సగం డీజిల్ ఉంటే మిగతా సగంలో గాలి ఉంటుంది, ఆ గాలిలోని తేమ రాత్రిపూట నీరై అడుక్కి దిగుతుంది. అక్కడ మొదలవుతుంది తుప్పు. బ్రేకు డయాఫ్రమ్‌లు, డీజిల్ హోసులు, ఆయిల్ సీళ్లు ఎండి బిరుసెక్కుతాయి. టైర్ల గుండీలు నిండుగా కనిపిస్తాయి కానీ రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి: 1409 అని ఉంటే 2009లో పద్నాలుగో వారం తయారైందని అర్థం. బండి వయసుకైతే మిలిటరీ నంబరు చూడాలి, బాణం గుర్తు తర్వాతి రెండంకెలు సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. కొనేటప్పుడు మీటరు కన్నా ఇవి ముందు చూడండి.

అపోహ: "దారిలో ఆగిపోతోందంటే డీజిల్ పంపు పోయినట్టే."

డీజిల్ పంపంటే నాజిళ్లకి డీజిల్ కొట్టే ఇంజన్ మీది పంపు. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. పోయిన ఎండాకాలం మిర్యాలగూడ వైపు నుంచి ఒక ట్యాంకర్ వచ్చింది. "పంపు పోయిందంటున్నరు అన్నా, ముగ్గురు చూసిన్రు" అన్నాడు ఓనరు. అప్పటికే ఒకచోట పంపు విప్పి, బిగించి, బిల్లు కూడా వేశారు. బండి అరగంట బాగా నడుస్తుంది, తర్వాత లాగలేక ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. నేను బండి నడిపించి, అది ఆగగానే దిగి ట్యాంకీ మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ట్యాంకీకి గాలి అందే బ్రీదర్ సన్న గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. డీజిల్ ఖర్చవుతున్న కొద్దీ లోపల గాలి తగ్గిపోయి, ట్యాంకీ నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు ఎంత గుంజినా డీజిల్ రావడం లేదు. ఇనుప తీగతో గుచ్చి తీశాను. ఆ గూడు నా అరచేతిలో చూసి ఆ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

దీని అన్నలాంటిది ఇంకొకటి ఉంది. ట్యాంకీకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉన్నది గుంజే లైను. దానికి పగులు వస్తే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కాబట్టి లీకు లేదనుకుంటారు. ఫీడ్ పంపు ముందు జానెడు పారదర్శకమైన గొట్టం వేసి ఇంజన్ నడపండి. బుడగలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. హోసు, రాగి వాషర్లు మార్చి గాలి తీయండి: ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు స్క్రూ, చివరికి నాజిల్ పైపుల నట్లు. ఈ వరుస తప్పితే చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొట్టీ కొట్టీ చేయి నొప్పే మిగులుతుంది. ఇవన్నీ చూశాకే పంపు సీలు మీద చేయి వేయాలి.

అపోహ: "శక్తిమాన్ ఏది పోసినా తాగుతుంది. కొత్త డీజిల్‌కి మాత్రం టూటీ ఆయిల్ కలపాలి."

శక్తిమాన్ జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్పూర్‌లో తయారైన బండి. ఆ గట్టిదనం వల్లే కిరోసిన్ పోసినా నడుస్తుందనే మాట పుట్టింది. కిరోసిన్‌తో నడిచిందంటే కిరోసిన్ దానికి మంచిదని కాదు. పంపులో పైకీ కిందికీ ఆడే ప్లంజరుకీ, అది ఆడే బ్యారెల్ గొట్టానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే, అక్కడ జిడ్డు పట్టించేది డీజిలే. పలచటి కిరోసిన్ పోస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి గీసుకుంటాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) తగ్గిన మాట నిజం. దాంతో డీజిల్‌లో జిడ్డు పోయిందని భయపడి టూటీ, అంటే టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్, కలుపుతున్నారు. కానీ జిడ్డుదనానికి కూడా ప్రమాణం ఉంది, దానికి తగ్గట్టు డీజిల్ తయారవుతుంది. టూటీ అవసరం లేదు. పాత రబ్బరు సీళ్లు మాత్రం కొత్త డీజిల్‌కి కుంచించుకుని కారవచ్చు. సీళ్లు మార్చితే చాలు.

అపోహ: "మన ఎండలకి థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది."

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు. మే నెలలో షెడ్డుకొచ్చే బండ్లలో చాలావాటికి అది ఉండదు. తీసేస్తే కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి మూసుకోక, వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజన్లోకి వస్తాయి. చల్లారుతుందనుకుంటే ఇంకా కాగుతుంది. చలికాలంలో అయితే ఇంజన్ వేడెక్కక, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. థర్మోస్టాట్ మీద అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి అందులో వేయండి. చాలావరకు 80 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. తెరుచుకోకపోతే మార్చండి, తీసి పారేయకండి.

అసలు దోషం నీళ్లది. మా జిల్లా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్ మూసుకుపోయేది దానివల్ల కాదు, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల. హీటర్ రాడ్డుకి పట్టే తెల్ల పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ, సిలిండర్ చుట్టూనూ పడుతుంది. పెచ్చు పట్టిన చోట వేడి నీళ్లలోకి దిగదు. పొలం దగ్గర బోరు నడుస్తోంది కదా అని బకెట్‌తో పోయకండి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. దారిలో అది దొరక్కపోతే మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరు నీళ్ల కంటే నయం.

అపోహ: "రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి టేప్‌కి వైరు లాగితే ఏం కాదు."

ఇవి 24 వోల్టుల బండ్లు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా ఉంటాయి. ఒకదాని నుంచే వాడితే అది ఎప్పుడూ నిండదు, రెండోది ఓవర్ ఛార్జ్ అయి ఉడుకుతుంది. 24 వోల్టుల్ని 12కి తగ్గించే కన్వర్టర్ పెట్టుకోండి. బ్యాటరీలు మార్చినప్పుడు రెండూ కలిపే మార్చండి.

అపోహ: "ఫోర్ వీల్ వేసుకుంటే తారు రోడ్డు మీద కూడా మంచి గ్రిప్."

మట్టిలో, ఇసుకలో, క్వారీ ఎత్తులో వేసుకోవాలి, అందుకే ఇచ్చారు. లీవరుతో ముందు యాక్సిల్ కలిపే బండ్లలో, మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి. మట్టి మీద టైరు కాస్త జారి సరిపెట్టుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ మెలికంతా షాఫ్టులు, గేర్ల మీద పడుతుంది. లీవరు బిగుసుకుంటే సుత్తితో కొట్టకండి. తిన్నగా నాలుగు గజాలు రివర్స్ పోతే వదులుతుంది.

అపోహ: "మిలిటరీ రంగు అలాగే ఉంచితే చెకింగ్‌లో ఆపరు."

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ అనే ఆ మిలిటరీ రంగు రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. రంగు మార్చి రిజిస్ట్రేషన్ చేయించండి.

చివరగా పంక్చర్ షాపు తమ్ముళ్లకి. కొన్ని మిలిటరీ బండ్లలో టైరు ఎక్కించే డిస్కు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక వరుస నట్లు చక్రాన్ని హబ్‌కి పట్టుకుంటాయి, ఇంకో వరుస ఆ రెండు ముక్కల్ని కలిపి పట్టుకుంటాయి. టైర్లో గాలి ఉండగా రెండో వరుస వదులు చేస్తే డిస్కు బాంబులా ఎగిరి మనిషిని చంపుతుంది. ముందు వాల్వు పిన్ను తీసేయండి, సన్న తీగ పెట్టి రంధ్రంలో మట్టి అడ్డం లేదని చూడండి, గాలి చప్పుడు పూర్తిగా ఆగాకే పానా పట్టండి.