నీలం రంగు ఎందుకు ఆలస్యమైంది?

పాలకొల్లు నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు జిమ్ముకెళ్ళి క్రియాటిన్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతున్నాడండీ. అదేమైనా స్టెరాయిడా?" కాదండీ. క్రియాటిన్ మన ఒంట్లో రోజూ తయారయ్యేదే, చేపలోనూ మాంసంలోనూ ఉండేదే. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. అయితే కండలో దాని పనేమిటో మొదట పట్టుకున్నవాళ్ళలో ఒకరు మీ పక్క ఊరాయనే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరెత్తితే అందరూ కేన్సర్ మందు, బోదకాలు మాత్ర గుర్తుచేసుకుంటారు. అవి 1940 తర్వాత మందుల కంపెనీలో సాగించిన పనులు. నాకు మాత్రం అంతకుముందు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండ మీద చేసిన పనే ప్రాణం.

ఒంట్లో భాస్వరం కొలవడానికి ఆ ఇద్దరూ 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. ఒంట్లో భాస్వరం ఉండేది ఫాస్ఫేటు రూపంలో. ఆమ్లంలో మాలిబ్డేటు అనే రసాయనం కలిపితే ఫాస్ఫేటు దానితో జతకడుతుంది. దానికి ఒక క్షయకరణిని, అంటే ఎలక్ట్రాన్లిచ్చే పదార్థాన్ని, చేరిస్తే నీలం తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన.

పిల్లి కండ రసంతో ఇదే పని చేస్తే నీలం ఒక్కసారిగా రాలేదు. నెమ్మదిగా, చూస్తుండగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే కాసేపాగి చివరి రంగునే లెక్కలో రాసుకుని ఊరుకునేవారేమో. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటులో కొంత విడిగా లేదు, దేనికో అతుక్కుని ఉంది. ఆమ్లంలో, మాలిబ్డేటు సమక్షంలో ఆ అతుకు ఊడుతున్నకొద్దీ నీలం పెరుగుతోంది. అతుక్కున్న ఆ రెండోది క్రియాటిన్, అణువుకి అణువు లెక్కన. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండను పనిచేయిస్తే ఇది తరుగుతుందనీ, విశ్రాంతినిస్తే మళ్ళీ తయారవుతుందనీ 1927లో ప్రకటించారు. అదే ఏడు ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కప్ప కండలో విడిగా ఇదే చూశారు.

అప్పటికి కండ ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం రాజ్యమేలుతోంది. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ అయొడోఅసిటేటు అనే రసాయనంతో కండలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపేశాడు. అయినా కండ ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ తరిగింది. సిద్ధాంతం కూలింది. అయినా మర్నాటి ఒళ్ళునొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని ఇప్పటికీ క్లాసుల్లో చెబుతున్నారు! అది పని ఆపిన గంటా రెండు గంటల్లో రక్తంలోంచి పోతుంది. ఇక నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోవడం మన వైపు ఇంకా ఉంది. దయచేసి మానండి. పట్టేసిన కండ చాలాసార్లు కొద్ది రోజుల్లో తనంతట తనే వదులుతుంది, తన్నితే దెబ్బ తగలొచ్చు.

1929లో ఫిస్క్, సుబ్బారావులు కండలో ఏటీపీని, అంటే కణాలు పనికి నేరుగా ఖర్చుపెట్టే శక్తి అణువుని, కూడా కనుక్కున్నారు, జర్మనీలో లోమాన్ విడిగా కనుక్కున్నాడు. ఈ రెంటి సంబంధం డెల్టాలో నీళ్ళ ఎద్దడి చూసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. ఏటీపీ ఇంట్లో బిందె. కండ దాంట్లోంచే ముంచుకుంటుంది, ఇంకెక్కణ్ణించీ తాగదు. గట్టి పనికి ఆ బిందె రెండు మూడు సెకన్లకే సరి. పక్కనే తొట్టి, ఫాస్ఫోక్రియాటిన్. తొట్టిలోంచి బిందెలోకి పోసే చెంబు క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము. తొట్టి కాస్త ఎత్తులో ఉంది కూడా: ఫాస్ఫేటు ఊడితే ఫాస్ఫోక్రియాటిన్ నుంచి మోలుకు సుమారు 43 కిలోజౌళ్ళు, ఏటీపీ నుంచి సుమారు 30 వస్తాయి. అందుకే పని నడుస్తున్నంతసేపూ పారకం బిందె వైపే. గ్లైకోజెన్, అంటే కండలో దాచుకున్న చక్కెర నిల్వ, ఊరి చెరువు. ఆక్సిజన్‌తో నడిచేది కాలువ. దానికి అంత తొందరగా కొరత రాదు గానీ లాకులెత్తాక నీరు చేరడానికి సమయం పడుతుంది. జిమ్ము పొడి చేసేదల్లా తొట్టిని కొంచెం పెద్దది చేయడం. చేపా మాంసం తిననివాళ్ళలో ఆ తేడా ఎక్కువ కనిపిస్తుంది.

చెంబు ఎంత చురుకంటే, బిందె మట్టం తగ్గినట్టే ఉండదు. శాస్త్రజ్ఞులు ముప్ఫై ఏళ్ళు తికమకపడింది ఇక్కడే. కండ ముడుచుకున్నాక చూస్తే ఏటీపీ ఎప్పటంతే ఉండేది, మరి ఖర్చయిందని రుజువేదీ? 1962లో కెయిన్, డేవిస్ ఇద్దరూ ఫ్లోరోడైనైట్రోబెంజీన్‌తో ఆ ఎంజైమును ఆపేసి, అంటే చెంబు లాగేసుకుని, కప్ప కండను ముడుచుకోనిచ్చారు. బిందె తరిగింది.

75 కిలోల ధాన్యం బస్తా భుజానికెత్తే హమాలీ ఊపిరి బిగబట్టి ఎత్తుతాడు. ఆ కొద్ది సెకన్లకు బిందే తొట్టీ చాలు, కాలువతో పనిలేదు. తొట్టి మళ్ళీ నిండాలంటే మాత్రం కాలువ నీరే కావాలి. సగం నిండడానికి అర నిమిషం, పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. తొడకు పట్టీ బిగించి రక్తం ఆపేస్తే ఎంతసేపటికీ నిండదు. బస్తా దించాక వచ్చే రొప్పులో కొంత భాగం ఆ తొట్టి నింపడానికే.