యాంకిల్ మానిటర్ల గొడవ: "ఇంట్లో ఉన్నాడా" పోయి "ఎక్కడున్నాడు" వచ్చిన దగ్గరే మొదలైంది

బెయిల్ మీదో పెరోల్ మీదో బయటున్నవాళ్ల మీద నిఘాకి కాలికి కట్టే యాంకిల్ మానిటర్ల మీద మళ్లీ రచ్చ మొదలైంది. ఎప్పటిలాగే రెండు జట్లు. ఒకళ్లేమో పట్టీ కోసేసి పారిపోతుంటే ఇంకా ఎందుకివి, జైల్లోనే పెట్టండి అంటారు. ఇంకొకళ్లు అవన్నీ పాత మోడల్స్ సంగతి, కొత్తవాటి పట్టీలో ఫైబర్ ఆప్టిక్ ఉంటుంది, కోస్తే వెంటనే తెలిసిపోతుంది, జీపీఎస్ అందని చోట వైఫైతో లొకేషన్ పట్టేస్తుంది అంటారు. ఇద్దరి చూపూ ఆ డబ్బా మీదే. 1983లో అమెరికాలోని అల్బుకర్కీ ఊరి జడ్జి జాక్ లవ్‌కి కామిక్ చూసి ఈ ఐడియా వచ్చిన కథ ఎక్కడ చూసినా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నా. నన్నడిగితే చూడాల్సింది 1983 కాదు, 2000 మే నెల.

అప్పటిదాకా ఎక్కువగా వాడింది రేడియో రకం. కాలికి చిన్న ట్రాన్స్‌మిటర్, ఇంట్లో ఫోన్ లైనుకి తగిలించిన ఒక బాక్స్. కాలి దగ్గర్నుంచి వచ్చే సిగ్నల్ బాక్స్‌కి అందితే మనిషి ఇంట్లో ఉన్నట్టు, అందకపోతే లేనట్టు, అంతకుమించి దానికేం తెలీదు. గడప దాటాక ఏ వీధిలో తిరిగాడో, ఎవర్ని కలిశాడో అడిగే పనీ లేదు, ఎందుకంటే కోర్టు ఆర్డర్ కూడా ఫలానా టైం నుంచి ఫలానా టైం దాకా ఇంట్లో ఉండు అనే ఉండేది. ఆర్డర్ ఎంతో మెషీనూ అంతే.

జీపీఎస్ రకాలు 1990ల చివర్లోనే అమెరికాలో కనబడ్డాయి గానీ, మామూలు జనం వాడుకునే సిగ్నల్‌లో అక్కడి ప్రభుత్వం కావాలనే తప్పు కలిపేది, 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1 అర్ధరాత్రి క్లింటన్ ప్రభుత్వం ఆ కల్తీ ఆపేసింది, రాత్రికి రాత్రే తేడా 10-20 మీటర్లకి దిగిపోయింది. స్కూల్ గేటు దాకా వెళ్లాడా లేక పక్క వీధిలోంచి వెళ్లిపోయాడా అన్నది తేల్చేయొచ్చనే నమ్మకం వచ్చేసింది. ఇక నాయకులు ఆగుతారా? 2005లో ఫ్లోరిడా, 2006లో కాలిఫోర్నియా లైంగిక నేరాల్లో శిక్షపడ్డవాళ్లలో కొందరికి జీవితాంతం జీపీఎస్ అని చట్టాలు తెచ్చేశాయి. వీటికి కారణమైన నేరాలు ఘోరమైనవే, జనం కోపంలో తప్పేం లేదు. కానీ అంతకుముందు రోజులో కొన్ని గంటలకే పరిమితమైన నిఘా ఇరవైనాలుగ్గంటలకీ పాకింది ఇక్కడే.

దాని బరువు మోసేది కాలికి కట్టుకున్నవాడు. రేడియో రకం చాలాకాలం ఛార్జింగ్ అక్కర్లేకుండానే నడిచేది. జీపీఎస్ అలా కాదు, ఉపగ్రహాల్ని వినాలి, మొబైల్ నెట్‌వర్క్‌కి కబురు పంపాలి, బ్యాటరీ తాగేస్తుంది. కాలినుంచి తీయకూడదు కాబట్టి చాలా మోడల్స్‌లో రోజూ గంటో రెండు గంటలో గోడ ప్లగ్ పక్కన కాలు చాపుకుని కూర్చోవాల్సిందే, డ్యూటీలో ఉండగా బ్యాటరీ లో అయిందా, కాలి దగ్గర డబ్బా వణుకుతుంది, పక్కవాడు కిందకి చూస్తాడు. అమెరికాలో చాలాచోట్ల రోజుకి ఇంతని దీని ఫీజు కూడా ఆ మనిషే కట్టాలి. విచారణే పూర్తికాని వాళ్లతో కూడా కట్టిస్తారు!

పైగా లొకేషన్ ఎప్పుడూ నిజం చెప్పదు. ఎత్తైన బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి వస్తే, ఇంట్లో పడుకున్న మనిషి మ్యాప్‌లో రోడ్డు అవతల కనిపిస్తాడు. 2011లో కాలిఫోర్నియాలో పెట్టిన టెస్టుల్లో ఒక కంపెనీ పరికరాలు మూడు మైళ్ల దాకా తప్పు చూపించాయి, వేలమందికి మార్చాల్సి వచ్చింది. అలాంటి ప్రతి తేడాకీ ఒక అలర్ట్, ప్రతి అలర్టూ వెళ్లేది నెత్తిన బోలెడు కేసులున్న ఆఫీసర్‌కి. 2013 మార్చిలో కొలరాడోలో ఏం జరిగిందో చూడండి. పెరోల్ మీదున్న ఒకతని మానిటర్ 14న పనిచేయడం మానేసింది, ఆ సమాచారం వ్యవస్థకి చేరింది, అయినా రోజులు గడిచిపోయాయి. 19న ఆ రాష్ట్ర జైళ్ల శాఖ అధిపతి టామ్ క్లెమెంట్స్‌ని అతను ఇంటి దగ్గరే కాల్చి చంపాడు. ఇక్కడ డబ్బా చెప్పాల్సింది చెప్పింది, వినేవాళ్లకి తీరిక లేదు. పట్టీ గట్టిదనాన్ని పొగిడేవాళ్లు ఈ కేసు ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు.

అటువైపు వాదన కూడా చెప్పాలి కదా, ఫ్లోరిడా మీద 2010లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఎలక్ట్రానిక్ మానిటరింగ్ వల్ల షరతులు తప్పే రిస్క్ 31 శాతం తగ్గిందని తేల్చింది. పనికొచ్చే సంగతే, జైలుకి బదులుగా వాడితే. జైలు అవసరమే లేనివాళ్లకి కూడా తగిలిస్తే ఆ లెక్క వేరు.

అసలు 1960ల్లో హార్వర్డ్‌లో దీని మొదటి రూపాన్ని చేసిన ష్విట్జ్‌గెబెల్ అన్నదమ్ములు అనుకున్నది శిక్ష కాదు. దారి తప్పిన కుర్రాళ్లు చెప్పిన టైంకి చెప్పిన చోటికొస్తే మెచ్చుకోవాలి, ఏదైనా బహుమతి ఇవ్వాలి, అదీ వాళ్ల ఆలోచన. ఆ పని ఇప్పుడు ఏ మోడల్ చేస్తోందో చెప్పండి.

కోర్టులు ఆలస్యంగా కళ్లు తెరిచాయి. ఒంటికి జీపీఎస్ కట్టడం అంటే రాజ్యాంగం దృష్టిలో సోదా చేయడమేనని 2015లో గ్రేడీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో అదే కేసులో నార్త్ కరోలినా రాష్ట్ర సుప్రీంకోర్టు, ఒకసారి శిక్షపడ్డవాడు మళ్లీ నేరం చేశాడన్న ఒక్క కారణంతో జీవితాంతం కట్టడం కుదరదంది. ఇండియాలో 2023 నవంబరులో జమ్ములో ఉపా (ఉగ్రవాద కేసుల్లో వాడే చట్టం) కేసు నిందితుడికి బెయిలిస్తూ జీపీఎస్ యాంక్లెట్ పెట్టమన్నారు, దేశంలో అదే మొదటిదన్నారు. తర్వాత 2024 జులై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, నిందితుడి ప్రతి కదలికనీ పోలీసులు గమనించేలా బెయిల్ షరతు పెట్టడం జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ ఇచ్చే ఆర్టికల్ 21కి విరుద్ధమని చెప్పి, గూగుల్ మ్యాప్స్‌లో తానున్న చోటుకి పిన్ పెట్టి పోలీసులకి చూపించాలన్న షరతు తీసేయించింది. ఆ పిన్‌తో మనిషిని లైవ్‌గా ట్రాక్ చేయలేమని గూగులే కోర్టుకి చెప్పింది, అంటే అప్పటిదాకా ఆ షరతు పెట్టినవాళ్లు అదెలా పనిచేస్తుందో కూడా చూడలేదన్నమాట.

ఇప్పుడు కంపెనీలు చెప్తున్న తర్వాతి మెట్టు ఫోన్ యాప్. కాలికేమీ ఉండదు, అవమానం లేదు అంటారు, కొంతవరకు నిజమే. కానీ ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లిపోవచ్చు కాబట్టి యాప్ ఎప్పుడు పడితే అప్పుడు సెల్ఫీ అడుగుతుంది, మెషీన్ దగ్గర రెండు చేతులూ పనిలో ఉన్నవాడు దాన్ని మిస్సయితే మళ్లీ అలర్టే, అది వెళ్లేదీ ఆ ఆఫీసర్ దగ్గరికే.