సంచి వెనక చదవండి, కుక్క వెనక చూడండి

నర్సంపేట

చిరంజీవులు చిన్నూ, అమ్ములకు,

తాత ఆశీర్వదించి రాసేది. మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే నాకు సగమే అర్థమైంది. మీ కుక్క బంటికి కొత్త ఫుడ్ మొదలుపెట్టిన రెండో రోజు నుంచి పలచగా పోతోందని, అది పాతదానికంటే ఖరీదైనదని, "పైసలు పెట్టి రోగం కొన్నట్టయింది" అని మీ నాన్న గులుగుతున్నాడని. మంచి ఫుడ్ ఏదో పేరు చెప్పమన్నారు. పేరు చెప్పను. చెబితే ఆ సంచి మీద ఏం రాసుందో మీరు చదవరు. పశువుల దవాఖానలో నౌకరీ చేసినవాడిగా నా మాట ఒక్కటే: ముందు సంచి వెనకవైపు చదవండి, తర్వాత కుక్క వెనకవైపు చూడండి. నవ్వకండి, నేను నిజంగానే చెబుతున్నా.

అంతకంటే ముందు, తప్పు కొత్త ఫుడ్‌దే అని అప్పుడే తేల్చేయొద్దని మీ నాన్నకు చెప్పండి. పాత సంచి అయిపోయిన మర్నాడే గిన్నె నిండా కొత్తది పోశారు కదా. కుక్క పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. రోజూ వచ్చే తిండికి అవి అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా తిండి మారితే వాటిలో కొన్ని తగ్గి కొన్ని పెరిగి, మళ్లీ కుదురుకునేదాకా కడుపు గడబిడగా ఉంటుంది. ఫుడ్ మార్చడానికి వారం, పది రోజులు పట్టాలి. మొదట పాతది ముప్పావు, కొత్తది పావు. రెండు మూడు రోజులకు సగం సగం. ఆ తర్వాత కొత్తది ముప్పావు. అంటే పాతది ఇంకో వారానికి సరిపడా ఉన్నప్పుడే కొత్త సంచి ఇంటికి రావాలి.

బంటి నోట్లో 42 పళ్లున్నా అది మనలాగ నమలదు, తుంచుకొని మింగుతుంది. అన్నం చాలాసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుంది చూడండి, మన ఉమ్మిలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ ఉంది కాబట్టి. కుక్క ఉమ్మిలో అది దాదాపు ఉండదు. పనంతా కడుపులోని ఆమ్లం, క్లోమం, చిన్న పేగు చూసుకోవాల్సిందే. అట్లని అన్నం దానికి పడదనుకోవద్దు. తోడేళ్ల జన్యువులనూ కుక్కల జన్యువులనూ పోల్చి చూసిన స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో ఒక సంగతి బయటపెట్టారు. క్లోమంలో పిండిని అరిగించే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు కాపీలు తోడేళ్లలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువట. వేల ఏళ్లు మనుషుల ఎంగిలి తిని బతికిన జాతి మరి. మన దిక్కు గొర్ల మందల వెంట తిరిగే కుక్కలు జొన్న గట్క తినే పెరిగాయి. కాబట్టి "గ్రెయిన్ ఫ్రీ", అంటే ధాన్యం లేనిది, అని పెద్దక్షరాలు వేసి రెట్టింపు ధర పెట్టిన సంచిని చూసి మురిసిపోకండి. అలాంటి ఫుడ్ తింటున్న కొన్ని కుక్కల్లో గుండె జబ్బు కనబడిందని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో విచారణ కూడా మొదలుపెట్టింది.

పాల సంగతి వేరు. పెద్దయ్యాక చాలా కుక్కలకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. మీ అమ్మ మిగిలిన పాలు బంటి గిన్నెలో పోస్తుంటే ముందు అవి ఆపి చూడండి.

ఇప్పుడు సంచి. ముందువైపు ఉన్న మెరిసే కుక్క బొమ్మ, కోడి బొమ్మ అమ్మేవాడి కోసం. వెనకవైపు సన్న అక్షరాల్లో ముడిసరుకుల జాబితా ఉంటుంది. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో చికెన్, చికెన్ మీల్, ఫిష్ మీల్ లాంటి స్పష్టమైన పేరు ఉంటే మంచిది. "మాంసం, దాని ఉప ఉత్పత్తులు" అని ఏ జంతువో చెప్పకుండా వదిలేస్తే నేనైతే పక్కన పెడతా. ఒక మెలిక ఉంది. పచ్చి చికెన్‌లో ముప్పావు వంతు దాకా నీళ్లే, ఆ నీళ్ల బరువుతోనే అది మొదటి స్థానంలో కూర్చుంటుంది. మీల్ అంటే ఎండబెట్టిన పొడి, అందులో నీళ్లు తక్కువ. "చికెన్ ఫ్లేవర్" అని ఉంటే రుచి ఉందనే తప్ప చికెన్ ఎంతుందో దాన్నిబట్టి తెలియదు.

చిన్నూ, నీకో లెక్క. పొడి ఫుడ్ మీద ప్రోటీన్ 22 శాతం, తేమ 10 శాతం. తడి ఫుడ్ డబ్బా మీద ప్రోటీన్ 9 శాతం, తేమ 78 శాతం. దేంట్లో ప్రోటీన్ ఎక్కువ? నీళ్లు తీసేసి చెయ్యి. మొదటిది 90లో 22, అంటే 24 శాతం పైన. రెండోది 22లో 9, అంటే 41 శాతం దగ్గర. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో సంస్థ ప్రకారం, ఇట్లా నీళ్లు తీసేసిన లెక్కలో, ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం, పెరిగే పిల్లకు 22.5 శాతం ప్రోటీన్ ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ గింజలు కలిపిన ఫుడ్ చూసి అమ్ములు ముచ్చటపడిందట. కుక్క కంటికి ఎరుపుకూ ఆకుపచ్చకూ పెద్ద తేడా తెలియదు తల్లీ, ఆ రంగులు నీ కోసం వేసినవి.

దుకాణంలో గోనెసంచి విప్పి కిలోల్లెక్కన అమ్మే ఫుడ్ ఎంత చవకైనా వద్దు. వరంగల్ మే నెల ఎండకు దానిలోని కొవ్వు ముక్కిపోతుంది, కడుపు చెడటానికి అది చాలు. చిన్న సంచే కొని, ఆ సంచితో సహా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.

ఇక కుక్క వెనకవైపు. పొద్దున షికారుకు తీసుకుపోయినప్పుడు కవర్‌తో ఎత్తుతారు కదా, అప్పుడు చూడండి. గట్టిగా, ముద్ద ముద్దగా ఉండి, ఎత్తితే నేల మీద మరక మిగలకుండా రావాలి. తిన్నదాంట్లో అరగనిదే బయటికి వచ్చేది. అందుకే నాసి ఫుడ్ తినే కుక్క గిన్నె నిండా తిని కుప్పలు కుప్పలుగా పోతుంది. మంచిది తినేది తక్కువ తిని తక్కువ పోతుంది. మీ నాన్న కిలో ధర చూస్తున్నాడు, రోజుకు ఎన్ని గ్రాములు పెట్టాలో దాన్నిబట్టి రోజు ఖర్చు లెక్కగట్టమనండి. మెత్తబడి, జిగురు కనిపించి, గ్యాస్ కంపు కొడుతూ వారం దాటితే ఆ ఫుడ్ బంటికి పడట్లేదనుకోవాలి. పక్కింటి కుక్కకు పడిందన్నది సాక్ష్యం కాదు.

పలచగా పోవడానికి ఎక్కువ పెట్టడం కూడా కారణమే. బంటి లాంటి పది కిలోల కుక్కకు రోజుకు ఆరువందల కేలరీలు చాలు, అంటే పొడి ఫుడ్ సుమారు 170 గ్రాములు. వంటింటి కాటా మీద ఒకసారి తూచి, ఆ కొలతకు ఏ గ్లాసు సరిపోతుందో గుర్తుపెట్టుకోండి. బిస్కెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, అమ్ములూ.

ఇంటి తిండి పెట్టొద్దని నేననను. కడుపు చెడినప్పుడు మెత్తటి అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ కలిపి రెండు మూడు రోజులు పెడితే ఎన్నో కుక్కలు తేరుకుంటాయి. ఉడికించిన గుమ్మడికాయ ముద్ద రెండు చెంచాలు కలిపినా మంచిదే. కానీ కుక్కపిల్లను నెలల తరబడి చికెన్, అన్నం మీదే పెంచితే కాల్షియం చాలక కాళ్లు వంకర్లు తిరుగుతాయి. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం బహు తక్కువ. దవాఖానకు అట్లాంటి పిల్లలు ఎన్నొచ్చేవో. మన కూర కలిపిన అన్నం మాత్రం అసలు వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికినా ఆ గుణం పోదు. పచ్చిపులుసు కూడా అందులోకే వస్తుంది. దసరా మటన్ బొక్కలు ఉడికాక పెళుసై చీలి పేగులో గుచ్చుకుంటాయి. కొవ్వు తునకలు తింటే క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ విషమని మీకు తెలుసు.

రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, మందకొడిగా పడుకున్నా ఫుడ్ మార్చి చూద్దామని కూర్చోకండి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్లో అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరకు పోవాలి. మీ హనుమకొండకు దగ్గర్లో మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, తెలుసుకదా. ఏ డాక్టర్ దగ్గరకు పోయినా ఆ పొద్దుటి మలం కొంచెం మూత ఉన్న చిన్న డబ్బాలో పట్టుకుపోండి, పురుగుల గుడ్లున్నాయేమో సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ డబ్బా మళ్లీ వంటింట్లోకి తేవద్దు, మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఇట్లు,
మీ తాత