పళ్లు కొనుక్కోవచ్చు కదా అన్న మీ ప్రశ్నకు

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. "డబ్బు తక్కువున్నవాళ్లు చిప్స్, కూల్‌డ్రింకులు ఎందుకు కొంటారు? ఆ డబ్బుతో పళ్లు కొనుక్కోవచ్చు కదా?" అని అడిగారు. ఈ మాట బాగా చదువుకున్న పెద్దవాళ్లు కూడా అంటుంటారు, కాకపోతే కాస్త చులకనగా. మీరు తెలుసుకోవాలని అడిగారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు కేలరీల లెక్క చూడండి. కిలో ఆకుకూరలో ఉండే శక్తి దాదాపు 250 కేలరీలు. కిలో బిస్కెట్లలో 4,500 దాకా, కిలో వంటనూనెలో 9,000 దాకా ఉంటుంది. ఒళ్లొంచి పనిచేసే మనిషికి రోజుకు 2,000 కేలరీలకు పైనే కావాలి. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఆకలి తీర్చాల్సిన తల్లి దేనివైపు చూస్తుంది? నూనె, చక్కెర, పిండి కలిసిన వాటివైపే. ఆమెకు లెక్క రాదనుకునేరు, మనకంటే బాగా వచ్చు. కానీ ఇనుము, కాల్షియం, విటమిన్లు, పీచు ఆ లెక్కలోకి రావు. కడుపు నిండుతుంది, ఒంట్లో రక్తం మాత్రం తక్కువగానే ఉంటుంది. ఒకే ఇంట్లో పెద్దవాళ్లు లావెక్కిపోతూ పసివాడు ఎదగకుండా ఉండిపోవడం డాక్టర్లకు కొత్తేం కాదు. లావుగా ఉన్నవాళ్లు బాగా తింటున్నారని మాత్రం అనుకోకండి.

ఇంతకీ మంచి తిండి ఎంతమందికి అందడం లేదో తెలుసా? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా ప్రకారం 2022లో సుమారు 280 కోట్ల మందికి పోషకాలన్నీ ఉన్న భోజనం కొనుక్కునే స్తోమత లేదు. అంటే భూమ్మీద ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే. ఇంతమందీ తిండి విషయంలో తెలివితక్కువగా ఉన్నారంటే నేను నమ్మను.

ఇక దుకాణం సంగతి. పేదల పేటలో చిన్న కొట్టు పెట్టుకున్నవాణ్ణి తిట్టుకోకండి. బిస్కెట్ ప్యాకెట్ నెలల తరబడి అలమారలో కూర్చున్నా చెడదు. కూరగాయలు అలా కాదు, రెండో రోజుకే వాడిపోతాయి. వాటిని చల్లగా ఉంచే పెట్టెకు, దాని కరెంటు బిల్లుకు సరిపడా బేరం ఆ పేటలో ఉండదు. పెద్ద దుకాణాలవాళ్లు కొనేవాళ్ల జేబు చూసుకునిగానీ అడుగు పెట్టరు. ఇలాంటి చోట్లను ఆహారపు ఎడారులంటారు. అమెరికా వ్యవసాయ శాఖ దీనికి కొలతలు కూడా పెట్టింది: పేదలు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో చాలామందికి సూపర్‌మార్కెట్ నగరంలో అయితే ఒక మైలు, పల్లెలో అయితే పది మైళ్లు దాటి ఉండటం.

మైలు దూరం అంటే మీకు నవ్వొస్తుంది, సైకిల్ మీద చిటికెలో పోతారుగా! అదే పని దిగేసరికి చీకటి పడిన ఆడమనిషిని తలుచుకోండి. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకోవాలి. రెండో చెయ్యి ఎంత బరువు మోస్తే ఇంటికి అంతే సరుకు వస్తుంది. వారానికి సరిపడా కూరలు ఆ ఒక్క చేతికి పట్టవు. పట్టినా, ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే సగం కుళ్లిపోతాయి. ఏ రోజు కూలి ఆ రోజు చేతికొచ్చేవాళ్లు ఏ రోజు సరుకు ఆ రోజే చిన్న పొట్లాల్లో కొంటారు. పొట్లం చిన్నదయ్యేకొద్దీ కిలో లెక్కన ఎక్కువే పడుతుంది. లేనివాళ్లే ఎక్కువ ధర కట్టాల్సి రావడం నాకు అన్నిటికన్నా ఒళ్లు మండే విషయం.

అయితే ఆ పేటలో పెద్ద దుకాణం ఒకటి తెరిస్తే సరిపోదా అంటారు. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు అదే పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. కొత్త సూపర్‌మార్కెట్ వచ్చాక కూడా చుట్టుపక్కలవాళ్లు కొనే సరుకు పెద్దగా మారలేదు. ఉన్నవాళ్లకు దొరికే సరుకే, అదే ధరకు లేనివాళ్లకూ దొరికితే ఇద్దరి తిండికీ మధ్య ఉన్న తేడా పదో వంతు మాత్రమే తగ్గుతుందని తేల్చారు. ఇది పట్టుకుని "చూశారా, వాళ్ల నాలుకే అంత" అనేవాళ్లున్నారు. నాలుక మాత్రం ఊరికే తయారవుతుందా?

పసివాడికి కొత్త కూర పెట్టి చూడండి. ఉమ్మేస్తాడు. మళ్లీ పెడితే మొహం తిప్పుకుంటాడు. అలా పది, పదిహేనుసార్లు ముందు పెడితేగానీ చాలామంది పిల్లలు కొత్త రుచికి అలవాటు పడరని పిల్లల తిండిని పరిశీలించినవాళ్లు చెబుతారు. ఉన్న ఇంట్లో ఆ పదిసార్లూ పారేసిన కూర ఎవరికీ గుర్తుండదు. లేని ఇంట్లో మొదటిసారి పారేసిన కూరే ఆ పూట ఒకరి ముద్ద. అందుకని ఆ తల్లి రెండోసారి ఆ కూర కొనదు, వాడు తప్పకుండా తినేదే కొంటుంది. పదేళ్లు గడిచాక మనం దాన్ని వాడి ఇష్టం అంటాం.

మరి దీనికి దారి లేదా అంటే, కొన్నిచోట్ల ప్రయత్నించారు. బ్రెజిల్‌లో బెలో హొరిజాంటె అనే నగరం 1993లో తిండి పౌరుల హక్కు అని, అది చూసుకునే పూచీ తనదేనని నిర్ణయించుకుంది. తక్కువ ధరకు భోజనం పెట్టే హోటళ్లు నడిపింది. కూరగాయల వ్యాపారులకు నగరంలో మంచి బేరమున్న చోట్లు ఇచ్చింది, కొన్ని రకాలు తాము చెప్పిన తక్కువ ధరకే అమ్మాలని షరతు పెట్టింది. అందరికన్నా మంచి చోటు దక్కినవాళ్లు వారాంతాల్లో లారీలో సరుకు వేసుకుని ఊరి చివరి పేదల పేటలకు వెళ్లి అమ్మాలి! ఆ షరతు రాసిన బుర్ర ఎవరిదోగానీ నాకు భలే నచ్చింది.

నన్నడిగితే మాత్రం బడి భోజనానికే మొదటి ఓటు. 2022 నాటికి ప్రపంచంలో దాదాపు 41.8 కోట్ల మంది పిల్లలు బడిలో తింటున్నారని లెక్క. దాన్ని ఆకలి తీర్చే పథకంగానే చూస్తారు చాలామంది. కొత్త కూర పదిసార్లు వడ్డించి, పదిసార్లు మిగిలిపోయినా ఆ నష్టం తల్లి మీద పడకుండా భరించగలిగే వంటిల్లు అదొక్కటే. పైగా పక్కవాడు తింటుంటే మనవాడూ ఓ ముద్ద పెట్టుకుంటాడు. మీ బడిలో ఏం వడ్డిస్తున్నారో, అందులో ఏది ఎక్కువ మిగిలిపోతోందో ఈసారి ఉత్తరంలో రాయండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ