సూదులు, బల్బులు, పాత మందులు: అపోహలు - వాస్తవాలు

చెత్త ఆటోలు తెచ్చే పొడి చెత్తను మా సెంటర్‌లో చేతులతోనే ఏరతారు. గ్లవ్స్ ఉంటాయి, కానీ సూది వాటిలోంచి దిగిపోతుంది. ఇళ్లవాళ్ల దగ్గర తరచూ వినే కొన్ని మాటలకు జవాబులు రాస్తున్నాను.

అపోహ: సూదికి క్యాప్ పెట్టి కవర్లో చుట్టేస్తే చాలు.

చాలదు. ఆటోలో చెత్తను తొక్కి సర్దేసరికి ఆ క్యాప్ ఊడిపోతుంది. ఇన్సులిన్ సూదులు మాకు ఎక్కువగా వస్తాయి. గుచ్చుకున్న మనిషికి అది ఎవరు వాడిన సూదో తెలీదు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోవాలి, రిపోర్టులు వచ్చేదాకా టెన్షన్. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రోజు కూలీ మీద బతికే మనిషికి ఇది మామూలు కష్టం కాదు. ఫినాయిల్ డబ్బా లాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సూదులు వేయండి. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన 'సూదులు' అని రాసి చెత్త ఆటోవాళ్ల చేతికి విడిగా ఇవ్వండి. నీళ్ల బాటిల్ వద్దు, పల్చగా ఉంటుంది.

అపోహ: పగిలిన బల్బును ఊడ్చేస్తే సరిపోతుంది.

ఎల్‌ఈడీ అయితే గాజు గుచ్చుకోకుండా చూసుకుంటే చాలు. సీఎఫ్‌ఎల్, పాత ట్యూబ్‌లైట్లలో మాత్రం పాదరసం ఉంటుంది. చీపురు, వాక్యూమ్ క్లీనర్ దాన్ని గదంతా పరుస్తాయి. ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని పది పదిహేను నిమిషాలు బయటికి పంపండి. తర్వాత గట్టి అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, అన్నీ మూతున్న గాజు సీసాలో వేయండి. పాదరసం థర్మామీటర్ పగిలితే ఇంకా జాగ్రత్త, అందులో పాదరసం చాలా ఎక్కువ.

అపోహ: డేటు అయిపోయిన మాత్రలు టాయిలెట్‌లో పోస్తే పీడా పోతుంది.

కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఫెంటానిల్, ట్రామడాల్ (తీవ్రమైన నొప్పికి ఇచ్చేవి), డయాజెపామ్ (ఆందోళనకు ఇచ్చేది) లాంటి 17 మందుల్ని మాత్రమే అలా పోయమంది. ఇంట్లో ఉంటే పొరపాటున ఎవరైనా మింగితే ప్రాణాపాయం కాబట్టి. మిగతావి వద్దు. మురుగునీటిని శుద్ధి చేసినా యాంటీబయాటిక్స్ పూర్తిగా పోవు, ఆ నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది. మాత్రల షీట్లను ముక్కలుగా కత్తిరించండి, లేకపోతే మళ్లీ అమ్మకానికి పోయే అవకాశం ఉంది.

అపోహ: ఫోన్ బ్యాటరీ చిన్నదేగా, ఏమవుతుంది?

లిథియం బ్యాటరీ చెత్తబండిలో నలిగితే మంటలు అంటుకోవచ్చు. కొనలకు టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. ఇన్వర్టర్ బ్యాటరీని కొత్తది కొనేటప్పుడు షాపువాళ్లే తీసుకుంటారు. యాసిడ్ మాత్రం మీరు పారబోయకండి.

అపోహ: మనం వేరు చేసినా చెత్త ఆటోవాళ్లు కలిపేస్తారు.

కొన్నిచోట్ల కలుస్తోంది, నిజమే. అయినా తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలని 2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ఆటోలో ప్రమాదకర చెత్తకు వేరే డబ్బా లేకపోతే, లోపల ఏముందో పైన రాసి ఇంట్లోనే పిల్లలకందని పొడిచోట ఉంచండి, ఎప్పుడు, ఎక్కడ తీసుకుంటారో మీ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని అడగండి. పాత పెయింట్, పురుగుమందు డబ్బాలకూ ఇదే పద్ధతి. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా నీళ్లకు, నూనెకు వాడొద్దు.