పర్లాకిమిడి నిజామాబాద్ పక్కకు ఎలా వెళ్తుంది?

పైథాన్‌తో మ్యాపులు చేసేటప్పుడు ఒక చిన్న తప్పు చాలు. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం ఒడిశాలోని గజపతి జిల్లా గుండా పోతుంది. పర్లాకిమిడి ఆ గీతకు కాస్త తూర్పున, కాశీనగర్, గుణుపురం పడమరన ఉన్నాయి. గుండ్రటి భూమిని చదునుగా పరిచి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి దాన్ని 6 డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా కోస్తుంది. ఆ కోతల్లో ఒకటి సరిగ్గా ఇక్కడే పడింది: గీతకు పడమర 44వ జోను, తూర్పున 45. (నాందేడ్ జిల్లావాళ్లకూ 78 డిగ్రీల దగ్గర ఇదే పేచీ: నాందేడ్ 43లో, కిన్వట్ 44లో.) పైథాన్‌లో మ్యాపుల డేటాతో పనిచేసే లైబ్రరీ జియోపాండాస్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, తప్పు చేస్తే వెంటనే కనబడుతుంది.

నౌపడ–గుణుపురం రైలు మార్గాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు నుంచి దించుకోండి. దాని పొడవు సుమారు 90 కి.మీ. అని ముందే తెలుసు కాబట్టి కోడ్ ఇచ్చే జవాబును సరిచూడవచ్చు. ఫైలు తెరిచిన వెంటనే 'లెంగ్త్' (పొడవు) అడిగితే వచ్చే సంఖ్య 1 కూడా ఉండదు. అది డిగ్రీల్లో లెక్క. ఇక్కడ ఉత్తర దక్షిణాలుగా డిగ్రీ అంటే దాదాపు 111 కి.మీ., తూర్పు పడమరలుగా 105. అందుకని ఏదో ఒక సంఖ్యతో గుణించి సరిపెట్టుకోలేం. సంఖ్యలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పేది సీఆర్ఎస్; దాన్ని మార్చే 'టు_సీఆర్ఎస్'కు 45వ జోను కోడ్ 32645 ఇచ్చి, మీటర్లలోకి మార్చాకే కొలవాలి. లెక్క 90 దాటిపోతే స్టేషన్ల దగ్గరి లూప్ లైన్లు కలిశాయేమో చూడండి. 'సర్వీస్' ట్యాగ్ ఉన్నవి తీసేయాలి. మార్గం రెండు జోన్లలో ఉందని రెండు ముక్కలు చేయనక్కర్లేదు. గుణుపురం దాకా 45లోనే ఉంచినా తేడా కిలోమీటరుకు ఒక మీటరే.

అసలు చిక్కు 'సెట్_సీఆర్ఎస్'తో. అది సంఖ్యలను మార్చదు, పైన చీటీ అంటిస్తుంది, అంతే. 45వ జోను సంఖ్యలకు 44వ జోను కోడ్ 32644 చీటీ పెట్టారా, పర్లాకిమిడి 6 డిగ్రీలు పడమరకు జరిగి నిజామాబాద్‌కు కాస్త ఉత్తరాన తేలుతుంది. ఎర్రర్ ఏదీ రాదు. సీఆర్ఎస్ ముందే ఉన్న ఫైలైతే జియోపాండాస్ అడ్డుపడుతుంది; సీఆర్ఎస్ రాసి ఉండే 'పీఆర్‌జే' ఫైలును పోగొట్టుకున్న షేప్‌ఫైలుకు (మ్యాపు డేటా ఫైలుకు) ఆ కాపలా ఉండదు.

బిందువులు రాసేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. తిరగేస్తే పర్లాకిమిడి ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది.

ఊరి పేర్ల ఆధారంగా పట్టికలు కలపొద్దు. ఒకే ఊరికి ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ రికార్డుల్లో మూడు స్పెల్లింగులు. జనగణన కోడ్‌తో కలపండి, అదీ అక్షరాలుగా చదివించి. అంకెలుగా చదివిస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

ఊళ్ల పేర్లు తెలుగులో వేయాలంటే పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో తెలుగు ఫాంట్ పెట్టినా ఒత్తులు విడిపోవచ్చు. ఆ ఒక్క పనికి మ్యాపు పొరలను జియోప్యాకేజీ ఫైలుగా దాచి, మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరవడమే మేలు.